పల్లీ గింజ – పసితనపు సహనం

వేరుశనగ అని పుస్తకాలలోను, పల్లీ అని తెలంగాణంలోను, శనక్కాయ అని సీమలోను, మూంగ్‌ఫలీ అని ఉర్దూలోను మనం పిలుచుకొనే గింజ ఒక్కటే. దక్షిణ అమెరికా నుండి సముద్రాలు దాటి వచ్చిన ఈ పంట అనంతపురం ఎర్రనేలలలో ఎంత గాఢంగా వేరూనుకొన్నదో విద్యార్థులు భూగోళ పాఠాలలో చదివియే ఉందురు. పేదవాని బాదం అని దీనికి బిరుదు. ఇడ్లీ పక్కన చట్నీగా, బెల్లపు పాకంలో పట్టీగా, సాయంకాలం బండి మీద వేయించి ఇచ్చే పొట్లంగా ఇది మన నిత్యజీవితంలో కలిసిపోయినది. ఇట్టి గింజను చూచి ఒక తల్లి భయపడుతుందని చెబితే మనవారు నవ్వవచ్చు. కాని ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో ఆ భయం నిజమైనదే. అక్కడి బడులలో అనేకం, పిల్లల భోజనపు డబ్బాలలో పల్లీ పెట్టి పంపవద్దని తల్లిదండ్రులకు ఉత్తరాలు వ్రాస్తాయి. తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ దేశాలలో స్థిరపడి అక్కడనే బిడ్డలను పెంచుతున్న ఈ రోజులలో ఇది పూర్తిగా పరాయి విషయమని త్రోసివేయటానికి వీలులేదు.

పసితనంలోనే పల్లీని రుచి చూపిన బిడ్డకు దానిని తట్టుకొనే గుణం అలవడుతుందని 2015లో ఋజువైనది. అలవడిన ఆ గుణం నిలుచునా, లేక తినటం మానగానే తొలగిపోవునా? ఈ ప్రశ్నకు లండను నగరంలో 2006లో మొదలైన పరిశోధన అంచెలంచెలుగా సాగి 2024లో సమాధానమిచ్చింది. భాషాబోధకునికి వైద్యశాస్త్రంతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. ఈ పరిశోధనలో చాలా భాగం ఒక మాటకు అర్థం తేల్చే ప్రయత్నమే. ఆ మాట ‘సహనం’. అందుచేత నాకు దీనిలో కొంత హక్కు ఉన్నదనియే అనుకొంటాను.

ముందుగా వ్యాధి స్వరూపం తెలుసుకోవాలి. మన శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ బయటినుండి వచ్చే క్రిములను శత్రువులుగా గుర్తించి వాటిపై దాడి చేస్తుంది. కొందరిలో ఈ వ్యవస్థ పొరపడి, నిరపాయమైన ఆహారంలోని మాంసకృత్తులను సైతం శత్రువుగా ఎంచుతుంది. అప్పుడు ఐజీఈ అనే ప్రతిరక్షకాలు తయారై శరీర కణజాలాలలోని కొన్ని కణాలకు అంటుకొని కాచుకొని ఉంటాయి. మరల అదే పదార్థం లోపలికి రాగానే ఆ కణాలు పగిలినట్లై హిస్టమిన్ మొదలైన రసాయనాలను వెదజల్లుతాయి. ఒంటిమీద దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కలుగుతాయి. తీవ్రమైనచో గొంతు వాచి, ఊపిరి అందక, రక్తపు పోటు పడిపోయి ప్రాణానికే ముప్పు వస్తుంది. అట్టి స్థితిలో వెంటనే ఇవ్వవలసిన మందు ఎడ్రినలిన్ సూది. పాలు, గుడ్డు వలన వచ్చే ఎలర్జీలు పిల్లలలో చాలామందికి పెరిగేకొద్దీ పోతాయి. పల్లీ ఎలర్జీ అట్లు కాదు. అది వచ్చిన పిల్లలలో ఎక్కువమందికి జీవితాంతం తోడుగా ఉండిపోతుంది.

ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలలో పెరుగుతున్నదని గమనించిన వైద్యశాఖలు చేసిన మొదటి పని నిషేధం. 1998లో బ్రిటన్ ప్రభుత్వం, ఎలర్జీ వ్యాధులున్న కుటుంబాలలోని పిల్లలకు మూడేండ్లు నిండేవరకు పల్లీ పెట్టవద్దని సలహా ఇచ్చింది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా దాదాపు అదే మాట చెప్పింది. వినటానికి ఇది సబబుగానే తోస్తుంది. నిప్పు కాలుస్తుంది గనుక బిడ్డను నిప్పుకు దూరంగా ఉంచుతాము గదా! అయితే ఈ సలహాకు ఆధారమైన ప్రయోగం ఏదీ లేదు. తర్కం మాత్రమే ఉన్నది. తల్లులు శ్రద్ధగా సలహా పాటించారు, వ్యాధి మాత్రం తగ్గలేదు. సుమారు పదేండ్ల కాలంలో పాశ్చాత్య దేశాల పిల్లలలో అది రెట్టింపైనదని లెక్కలు వచ్చాయి. అకాడమీ 2008లోను, బ్రిటన్ 2009లోను తమ సలహాలను వెనుకకు తీసుకొన్నవి. తీసుకొన్నవే గాని, ఆ స్థానంలో ఏమి చేయమని చెప్పాలో అప్పటికి ఎవరికీ తెలియలేదు.

దారి దొరికిన తీరు ఆసక్తికరమైనది. లండను కింగ్స్ కాలేజీలో పిల్లల ఎలర్జీ వ్యాధుల ఆచార్యుడైన గిడియన్ లాక్ ఒకసారి ఇజ్రాయెల్‌లో వైద్యుల సభలో మాట్లాడుతూ, గత సంవత్సరంలో పల్లీ ఎలర్జీ రోగిని చూచినవారు చేతులెత్తండని అడిగారట. ఇంగ్లండులో అయితే సభలో అందరి చేతులూ లేచేవి. అక్కడ లేచినవి రెండు మూడు చేతులు మాత్రమే. ఎందువలన? రక్తమే కారణమా? దీనిని తేల్చటానికి లాక్, జార్జ్ డ్యు టాయిట్ మొదలైనవారు బ్రిటన్‌లోని యూదు పిల్లలను, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లలను ఒక్కొక్కచోట సుమారు ఐదువేలమందిని పోల్చి చూచారు. 2008లో ఫలితం వెలువడినది. బ్రిటన్ పిల్లలలో 1.85 శాతం మందికి, ఇజ్రాయెల్ పిల్లలలో 0.17 శాతం మందికి మాత్రమే పల్లీ ఎలర్జీ ఉన్నది. వంశం ఒక్కటే అయినా వ్యాధి పదిరెట్లు ఎక్కువ! భేదం ఊయలలోనే ఉన్నది. ఇజ్రాయెల్‌లో ‘బాంబా’ అనే చిరుతిండి కలదు. మొక్కజొన్న పేలాలకు పల్లీముద్ద పట్టించి చేస్తారు. నోట్లో వేసుకొంటే కరిగిపోతుంది, పండ్లు రాని పిల్లలు కూడా చప్పరిస్తారు. అక్కడి శిశువులు ఎనిమిదవ నెల నుండి పదునాల్గవ నెల వరకు నెలకు సగటున ఏడు గ్రాముల పల్లీ మాంసకృత్తులను ఈ విధంగా తింటూండగా, బ్రిటన్ శిశువుల విషయంలో ఆ అంకె సున్న.

అయినా ఇది సాక్ష్యమే గాని నిర్ణయం కాదు. రెండు దేశాలకు ఎండ వేరు, నీరు వేరు, ఇండ్లు వేరు. తేడా బాంబా వలననే వచ్చినదని ఎట్లు చెప్పగలం? ఒకే చోట, ఒకే తీరు బిడ్డలను తీసుకొని, చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పెట్టి, మరొక జట్టుకు పెట్టక చూచినప్పుడే అది తేలుతుంది. ‘లీప్’ అనే పేరుతో లండనులో జరిగినది అదే.

నాలుగు నెలలు నిండి పదకొండు నెలలు దాటని 640 మంది శిశువులు దానిలో చేరారు. సాధారణ శిశువులు కారు. తీవ్రమైన ఎగ్జిమా అనే చర్మవ్యాధి గాని, గుడ్డు ఎలర్జీ గాని, రెండూ గాని ఉన్నవారు. అనగా పల్లీ ఎలర్జీ వచ్చే అవకాశం హెచ్చుగా ఉన్నవారన్నమాట. ముందుగా చర్మంపై పల్లీ సారంతో సూదిమొన పరీక్ష చేశారు. దద్దురు నాలుగు మిల్లీమీటర్లకు మించి లేచిన 76 మందికి ఎలర్జీ అప్పటికే వచ్చి ఉండవచ్చునని వారిని చేర్చుకోలేదు. ఈ సంగతి విద్యార్థులు గుర్తుంచుకోవాలి, తరువాత పనికి వస్తుంది. చేరినవారిలో సగం మందికి వారానికి 6 గ్రాముల పల్లీ మాంసకృత్తులను, అంటే సుమారు 24 గ్రాముల పల్లీలతో సమానమైన ఆహారాన్ని, మూడు పూటలకు తక్కువ కాకుండా పంచి ఐదేండ్లు నిండేవరకు పెట్టారు. తక్కిన సగం మంది ఐదేండ్లూ పల్లీ ముట్టలేదు. ఐదేండ్లు నిండిన తరువాత ఆసుపత్రిలో వైద్యుల కళ్ళెదుట తినిపించి పరీక్షించారు. తినకుండా పెరిగిన వారిలో 17.2 శాతం మందికి ఎలర్జీ ఉన్నది, తిని పెరిగిన వారిలో 3.2 శాతం మందికే ఉన్నది. మొదటి పరీక్షలో చిన్న దద్దురు లేచిన 98 మంది మాట వేరుగా చూచినా తీర్పు మారలేదు: 35.3 శాతం ఒక ప్రక్క, 10.6 శాతం మరొక ప్రక్క. 2015లో ఈ అంకెలు ప్రకటితమైనప్పుడు, నిషేధమే రక్ష అని పదేండ్లపాటు నమ్మి నడచిన వైద్యలోకం తలక్రిందులైనది. తప్పించటం వలన కాపాడబడ్డారని అనుకొన్న బిడ్డలకే వ్యాధి ఎక్కువగా వచ్చినదని దాని అర్థం.

ఇక్కడనే మన అసలు ప్రశ్న పుడుతుంది. ఈ పిల్లలు ఐదేండ్లు విడువక తిన్నారు. రోజూ బరువు మోసేవానికి భుజం గట్టిపడినట్లు, రోజూ తినటం వలననే శరీరం ఊరకున్నదేమో! భుజానికి పని తప్పిన నాలుగు నెలలకు మరల మెత్తబడుతుంది గదా! అట్లయితే ఈ మేలు చాలా ప్రమాదకరమైనది. ఏ జ్వరం వచ్చియో, ఏ పూట ఇష్టం లేకనో కొన్నాళ్ళు పల్లీ మానిన పిల్లవాడు తరువాత తెలియక తిని ప్రాణం మీదికి తెచ్చుకొంటాడు. తల్లిదండ్రులు జీవితాంతం వారానికి మూడుసార్లు పల్లీ కొలిచి పెట్టుతూ కూర్చోవలసి వస్తుంది.

పరిశోధకులు ఈ సందేహాన్ని దాటవేయలేదు. ‘లీప్-ఆన్’ అనే రెండవ అంచెలో 556 మంది పిల్లలను పిలిచి, ఇరు జట్లవారిని ఒక సంవత్సరంపాటు పల్లీ పూర్తిగా మానమన్నారు. తినే అలవాటున్న పిల్లలకు అది సులభం కాలేదు. తినని జట్టులో నూటికి తొంభైమంది నియమం పాటించగా, తినే జట్టులో నూటికి సుమారు డెబ్బైమంది మాత్రమే పాటించగలిగారు. రుచి మరిగిన ఐదేండ్ల పిల్లవానికి ఏడాది ఉపవాసమంటే ఎంత కష్టమో చిన్నపిల్లలున్న ఇండ్లవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆరేండ్ల వయస్సులో మరల పరీక్షించారు. తినని జట్టులో 18.6 శాతం, తిన్న జట్టులో 4.8 శాతం. ఏడాదిలో క్రొత్తగా ఎలర్జీ వచ్చినవారు ఒక్కొక్క జట్టులో ముగ్గురేసి. తిన్న జట్టులో ఈ రెండవ అంచెకు వచ్చినవారిని మాత్రమే లెక్కించితే మానక ముందు 3.6 శాతం, మానిన తరువాత 4.8 శాతం. ఈ చిన్న హెచ్చుతగ్గు యాదృచ్ఛికంగా కూడా రాగలదని గణితం చెప్పుతున్నది. 2016లో ఈ ఫలితం వచ్చినప్పుడు భుజం పోలిక పనికిరాదని తేలిపోయినది.

మొదటి అంచెలోని 3.2 శాతం, రెండవ అంచెలోని 3.6 శాతం ఎందుకు కలియటం లేదని ఎవరైనా అడిగితే సంతోషించాలి. తప్పు లేదు. మొదటి అంచెలోని వారందరూ రెండవదానికి రాలేదు గనుక భాగహారంలో హారం మారినది. శాతం కనిపించిన ప్రతిచోట దేనిలో శాతమని అడగటం గణితం చదివేవారికి మాత్రమే పరిమితమైన విద్య కాదు.

ఒక సంవత్సరం సరే, పిల్లవాడు పెద్దవాడైన తరువాత? ఆరేండ్ల నుండి ఆ పిల్లలను వారి ఇష్టానికి వదలివేశారు. తినేవారు తిన్నారు, మానినవారు మానారు, కొందరు పండుగకో పబ్బానికో తిన్నట్లు తిన్నారు. ఎవరూ కొలవలేదు, ఎవరూ గద్దించలేదు. సగటున పదమూడవ ఏట వారిని మరల వెదకి పిలిచారు. 640 మందిలో 508 మంది వచ్చారు. ఇన్నేండ్ల తరువాత ఐదింట నాలుగు వంతులమంది రావటం గొప్ప సంగతియే. ‘లీప్-ట్రయో’ అనే ఈ మూడవ అంచె ఫలితాలు 2024 మే నెలలో వెలువడినవి. పసితనంలో తినని జట్టులో 246 మందికి 38 మంది, అనగా 15.4 శాతం. తిన్న జట్టులో 251 మందికి 11 మంది, అనగా 4.4 శాతం. వ్యాధి నూటికి డెబ్బై ఒక్క వంతులు తగ్గినదన్నమాట. ఐదేండ్లవరకు పెట్టిన తిండి, మధ్యలో ఎవరి నియమమూ లేని ఇన్నేండ్లు గడచిన తరువాత కూడా కాపాడుతూనే ఉన్నది. నిలుచునా అనే ప్రశ్నకు కౌమారం వరకు నిలిచినదని నిస్సందేహంగా చెప్పవచ్చు.

కారణమేమి? లాక్ బృందం చెప్పే వివరణ నాకు చాలా సమంజసంగా తోచినది. ఒక ఆహారం శరీరానికి రెండు దారులలో పరిచయమవుతుంది. నోటి దారిన, జీర్ణకోశం ద్వారా వచ్చినది స్నేహితునిగా పరిచయమవుతుంది. ఎగ్జిమా వలన చిట్లిన చర్మం గుండా, ఇంటి ధూళిలోని పల్లీ రేణువుల రూపంలో వచ్చినది దొంగగా పరిచయమవుతుంది. పల్లీ నూనె కలిసిన లేపనాలను పసిపిల్లల చర్మానికి పూయటానికి, పల్లీ ఎలర్జీకి సంబంధం కనిపిస్తున్నదని వారు 2003లోనే బ్రిటన్ పిల్లల అధ్యయనంలో చూపారు. బ్రిటన్ ఇండ్లలో పెద్దలు పల్లీముద్ద రొట్టెకు రాసుకొని తింటూనే ఉన్నారు. అది బల్లలకు, చేతులకు, పరుపులకు అంటుతూనే ఉన్నది. బిడ్డ నోటికి మాత్రమే నిషేధం. అనగా సింహద్వారం మూసి దొడ్డిదారి తెరచి ఉంచినట్లైనది. నోటి దారి ముందుగా తెరచిన పిల్లల రక్తంలో ఐజీజీ4 అనే మరొక రకం ప్రతిరక్షకాలు పెరిగినవి. పల్లీలో ముఖ్యంగా హాని చేసే ‘అరా హెచ్ 2’ అనే మాంసకృత్తిపై పనిచేసే ఐజీఈ, తినని జట్టుతో పోల్చితే తక్కువగా ఉన్నది. పదమూడేండ్ల వయస్సులో కూడా రక్తం ఈ భేదాన్ని చూపినది.

ఇప్పుడు మాట సంగతి. ఈ గుణానికి ఆంగ్లంలో టాలరెన్స్ అని పేరు. ఈ పరిశోధనకు అండగా నిలిచిన అమెరికా సంస్థ పేరే ఇమ్యూన్ టాలరెన్స్ నెట్‌వర్క్. మనవారు సహనం అని అనువదిస్తారు. సహనమంటే ఓర్చుకొనుట. ఓర్చుకొనేవానికి లోపల బాధ ఉంటుంది, కాని బయటపెట్టడు. ఉర్దూలో దీనికి సరియైన మాట ‘బర్దాష్త్’. ఉర్దూలోనే ‘రవాదారీ’ అని మరొక మాట ఉన్నది. దానిలో బాధ లేదు, పోనిమ్మనే విశాలత ఉన్నది. ఈ రెండు మాటల భేదం వైద్యంలోను ఉన్నదని చెబితే విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు.

ఎలర్జీ ఇదివరకే వచ్చిన పిల్లలకు అతి స్వల్పమైన మోతాదుతో మొదలుపెట్టి, వైద్యుని పర్యవేక్షణలో పల్లీపిండిని క్రమక్రమంగా పెంచి ఇచ్చే చికిత్స ఒకటి కలదు. 2022లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో ఒకటి నుండి మూడేండ్ల వయస్సులోని 146 మంది ఎలర్జీ పిల్లలు పాల్గొన్నారు. చికిత్స పొందినవారిలో 134 వారాల తరువాత 71 శాతం మంది పరీక్షలో పల్లీని తట్టుకొన్నారు. తరువాత 26 వారాలు మాన్పించి చూడగా ఆ శక్తి నిలిచినవారు 21 శాతం మంది మాత్రమే. మిగిలినవారిది బర్దాష్త్. అభ్యాసం ఉన్నంతకాలం ఉండి, అభ్యాసం తప్పగానే పోయినది. లీప్ పిల్లలది అట్లు కాదు. వారి శరీరం పల్లీని ఓర్చుకొనటం లేదు, దానిలో శత్రువునే చూడటం లేదు. మానిన ఏడాది తరువాత 4.8, పదమూడేండ్లకు 4.4 అనే అంకెలు చెప్పేది ఇదే. రాకముందు ఆపటం వేరు, వచ్చిన తరువాత మచ్చిక చేయటం వేరు. వైద్యులు ఈ రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టుకొన్నారు. మన పత్రికలు రెంటికీ సహనమనే వ్రాయటం వలన పాఠకులకు గందరగోళం కలుగుతున్నది. నా మటుకు మొదటిదానికి ‘సహనం’, రెండవదానికి ‘అలవాటు’ అని వాడటం మేలని తోస్తుంది.

ఈ ఫలితానికి హద్దులు కూడా ఉన్నవి. తిన్న జట్టులో కూడా 11 మందికి ఎలర్జీ ఉన్నది. కనుక ఇది ప్రతి బిడ్డకు అభయపత్రం కాదు. 132 మంది చివరి అంచెకు రాలేదు. మొదట విడిచిపెట్టిన 76 మంది శిశువులకు ఈ అంకెలు వర్తించవు. వారివంటి బిడ్డకు ఇంటిలో పల్లీ పెట్టటం సాహసమే అవుతుంది. ఇది ఎగ్జిమా ఉన్న బ్రిటన్ శిశువుల కథ. మన దేశంలో పల్లీ ఎలర్జీ అరుదుగా కనిపించటం నిజమే గాని, అందుకు మన తల్లుల తెలివియే కారణమని లీప్‌ను చూపి గర్వపడటం తొందరపాటు. మన ఇండ్లలో కూడా ఆరేడు నెలల బిడ్డకు పల్లీ పెట్టే ఆచారం అన్నిచోట్ల లేదు. అన్నప్రాసన నాడు పెట్టేది పాయసం, తరువాత పప్పన్నం, నెయ్యి.

2017లో అమెరికా ప్రభుత్వ సంస్థ క్రొత్త మార్గదర్శకాలు ప్రకటించింది. తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు ఎలర్జీ గాని ఉన్న శిశువుకు ముందు పరీక్ష చేయించి, వైద్యుడు సరేనంటే నాలుగు నుండి ఆరు నెలల మధ్య పల్లీ ఆహారం మొదలుపెట్టవచ్చునని, ఎగ్జిమా స్వల్పంగానో మధ్యరకంగానో ఉన్నవారికి ఆరవ నెల ప్రాంతంలో మొదలుపెట్టవచ్చునని దాని సారాంశం. తల్లిపాలకు దీనివలన భంగం కలుగుతుందేమోనని కొందరు శంకించారు. లీప్ శిశువులలో పల్లీ తిన్నవారికి తల్లిపాల కాలం తగ్గలేదు, ఎదుగుదల కూడా తగ్గలేదని 2016లో వెలువడిన మరొక నివేదికలో తేలినది. పెట్టే విధానంలో మాత్రం జాగ్రత్త తప్పనిసరి. గింజగా గాని, పలుకుగా గాని, పట్టీగా గాని ఎన్నడూ పెట్టరాదు. ఐదేండ్లలోపు పిల్లలకు గింజ గొంతుకు అడ్డుపడి ఊపిరి ఆగే ప్రమాదం ఎలర్జీకంటె తక్కువదేమీ కాదు. మెత్తగా నూరిన ముద్దను గోరువెచ్చని నీటిలో గాని, తల్లిపాలలో గాని పలుచగా కలిపి, పగటివేళ, బిడ్డకు జ్వరం జలుబు లేనప్పుడు, మొదట చెంచా కొనతో నాకించి పది నిమిషాలు కనిపెట్టి చూడాలి. దద్దురు గాని, వాంతి గాని, పెదవి వాపు గాని లేకున్న మిగిలినది నెమ్మదిగా పెట్టాలి. ఏ ఒక్కటి కనిపించినా ఆపి వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. ఊపిరి కష్టమైనచో ఒక్క క్షణం కూడా ఆలసించరాదు.